గ్యాస్‌ను నేరుగా ఇంజిన్ లోపలికి కొడితే ఏం జరుగుతుంది

కాజీపేట ఫాతిమానగర్ బ్రిడ్జి ఎక్కుతున్న సీఎన్‌జీ ఆటోను ఒకసారి గమనించండి. నిండా మనుషులుంటే సగం ఎక్కకముందే డ్రైవర్ గేర్ తగ్గిస్తాడు. "గ్యాస్‌లో బలం ఉండదు సార్" అంటాడు. నిజానికి బలానికి కొదువ లేదు. కిలో పెట్రోల్‌లో 43, 44 మెగాజౌళ్ల వేడి ఉంటే, కిలో మీథేన్‌లో 50 ఉంటుంది. లోటంతా చోటు దగ్గర వస్తుంది.

మీథేన్ ఒక వంతు పూర్తిగా మండాలంటే తొమ్మిదిన్నర వంతుల గాలి కావాలి. అంటే ఇంజిన్ పీల్చుకునే ప్రతి వంద వంతుల్లో తొమ్మిదిన్నర గ్యాసే ఆక్రమిస్తుంది, అంత గాలి బయటే ఆగిపోతుంది. పెట్రోల్ ఆవిరికి రెండు వంతులు చాలు. పైగా పెట్రోల్ ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న గాలిని చల్లబరుస్తుంది, చల్లబడ్డ గాలి ఇంకాస్త ఎక్కువ పడుతుంది. గ్యాస్‌కు ఆ సాయమూ లేదు. అందుకే మానిఫోల్డ్‌లో, అంటే గాలి ఇంజిన్‌లోకి పోయే గొట్టంలో, గ్యాస్ కలిపే కిట్లన్నిట్లో పదో వంతు పవర్ పోతుంది. హైడ్రోజన్‌తో ఈ బాధ మూడింతలు. సరిపడా మిశ్రమంలో అదొక్కటే 29.5 శాతం చోటు తింటుంది.

ముందుగా ఒక మాట. మన దగ్గర సిలిండర్ అంటే డిక్కీలో ఉండే గ్యాస్ బుడ్డి కూడా, పిస్టన్ తిరిగే బోరు కూడా. ఇక్కడ గ్యాస్ నింపేదాన్ని ట్యాంకు అంటాను. సిలిండర్ అన్న చోటల్లా ఇంజిన్‌దే అనుకోండి.

చోటు తగాదాకు మందు ఒక్కటే. ముందు సిలిండర్‌ను గాలితో నిండనిచ్చి, గాలి వచ్చే ఇన్‌టేక్ వాల్వ్ మూసుకున్నాక గ్యాస్‌ను నేరుగా లోపలికి కొట్టాలి. అప్పుడు గాలి పూర్తిగా దక్కుతుంది, దాని మీద గ్యాస్ అదనం. మానిఫోల్డ్‌లో గ్యాస్ ఉండదు కాబట్టి మంట వెనక్కి తన్నే బ్యాక్‌ఫైర్ భయం లేదు. టర్బో ఇంజిన్లలో రెండు వాల్వులూ కాసేపు కలిసి తెరిచి ఉన్నప్పుడు, మండని గ్యాస్ సైలెన్సర్ దారి పట్టదు. ఇంత మంచి పద్ధతి అన్ని బండ్లలో ఎందుకు లేదంటే, జవాబు సమయం దగ్గర దొరుకుతుంది.

కాగితం మీద లెక్క వేద్దాం. రెండు లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్ అనుకోండి, సిలిండర్‌కు అర లీటరు. ఫుల్ లోడ్‌లో సుమారు 0.53 గ్రాముల గాలి పడుతుంది. మీథేన్‌కు బరువులో 17.2 రెట్ల గాలి కావాలి కాబట్టి ఒక్కో విడతకు 31 మిల్లీగ్రాముల గ్యాస్. ఇంజిన్ 3000 ఆర్‌పీఎంలో ఉంటే క్రాంక్ ఒక డిగ్రీ తిరగడానికి సెకనులో 18 వేలో వంతు పడుతుంది. పిస్టన్ పైకొసకు చేరే చోటును టీడీసీ అంటారు. ఇన్‌టేక్ వాల్వ్ టీడీసీకి 130 డిగ్రీల ముందు మూసుకుంటుందనుకుందాం. గాలితో కలవడానికి వ్యవధి ఉండాలంటే 60 డిగ్రీల ముందుకల్లా ఇంజెక్షన్ అయిపోవాలి. మిగిలింది 70 డిగ్రీలు, అంటే 3.9 మిల్లీసెకన్లు. ఆ కాస్తలో 31 మిల్లీగ్రాములు దూరాలంటే సెకనుకు 8 గ్రాముల ధార కావాలి.

ఇంజెక్టర్లకు గ్యాస్ పంచే గొట్టాన్ని రైల్ అంటారు. రైల్ ప్రెషర్ 20 బార్ అయితే ఈ ధారకు కావలసిన రంధ్రం వైశాల్యం సుమారు మూడు చదరపు మిల్లీమీటర్లు. ఒకే గుండ్రటి రంధ్రంగా చూస్తే రెండు మిల్లీమీటర్ల వ్యాసం. నేరుగా కొట్టే పెట్రోల్ ఇంజెక్టర్‌లో ఆరు రంధ్రాలుంటే ఒక్కోటి 0.2 మిల్లీమీటర్లు కూడా ఉండదు, అన్నీ కలిపినా 0.2 చదరపు మిల్లీమీటర్ల లోపే. గ్యాస్ ఇంజెక్టర్ దానికి పదిహేనింతలకు పైగా తెరుచుకోవాలి. అందుకే రంధ్రాన్ని మూసే నీడిల్ పైకి లేచే ఎత్తు (లిఫ్ట్) పెద్దది, దాన్ని లేపే కాయిల్ పెద్దది, స్ప్రింగు గట్టిది. ఇన్నిటిని ప్లగ్, వాల్వుల మధ్య ఉన్న ఇరుకు చోట దూర్చాలి. పెట్రోల్ ఇంజెక్టర్‌లోకే గ్యాస్ పంపితే అయిపోదా అని అడిగే పిల్లలకు ఈ లెక్క ఒక్కటి చూపిస్తే చాలు.

ఇక 20 బారే ఎందుకన్న సంగతి. రంధ్రానికి ముందు ప్రెషర్, తర్వాతి ప్రెషర్‌కు రెట్టింపు దగ్గరగా ఉంటే, మీథేన్‌కైతే 1.84 రెట్లు, గొంతు దగ్గర గ్యాస్ ధ్వని వేగాన్ని అందుకుంటుంది. అంతకు మించి పోదు. దీన్నే చోక్ అవడం అంటారు. చోక్ అయ్యాక సిలిండర్‌లో ప్రెషర్ ఎంత పెరిగినా ధార మారదు, రైల్ ప్రెషర్, గ్యాస్ వేడి, రంధ్రం సైజు మాత్రమే దాన్ని నిర్ణయిస్తాయి. ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ ఈసీయూకు ఇంతకన్నా సులువైన లెక్క దొరకదు. తెరిచి ఉంచిన సమయమే గ్యాస్ కొలత.

కంప్రెషన్ నిష్పత్తి 12 ఉన్న మన లెక్కల ఇంజిన్‌లో, టర్బో లేకుండా, టీడీసీకి 60 డిగ్రీల ముందు సిలిండర్ ప్రెషర్ 3.3 బార్ దగ్గర ఉంటుంది. 1.84తో గుణిస్తే ఆరు బార్. రైల్‌లో 20 ఉంది కాబట్టి నిశ్చింత. అదే ఇంజెక్షన్‌ను 20 డిగ్రీల దాకా లాగితే సిలిండర్‌లో 14 బార్ దాటుతుంది, చోక్ అవడానికి 26 కావాలి. అక్కడ 20 బార్ రైల్ చాలదు. ధార సన్నబడుతుంది, సిలిండర్ ప్రెషర్‌తో పాటే మారుతుంది, కొలత తప్పుతుంది. ఇంజెక్షన్ ఎంత ఆలస్యం చేస్తే రైల్ ప్రెషర్ అంత ఎక్కువ కావాలన్నది ఇందులోని అసలు బేరం.

ఆ బేరం ట్యాంకు మీద పడుతుంది. ట్యాంకు 200 బార్‌తో నింపుతారు. రైల్‌కు 20 బార్ కావాలంటే ట్యాంకులో 20 మిగిలి ఉండగానే బండి ఆగుతుంది, అంటే కొన్న గ్యాస్‌లో పదో వంతు అక్కరకు రాదు. 60 బార్ రైల్ పెడితే ముప్పై శాతం దాకా మిగిలిపోతుంది. మానిఫోల్డ్ కిట్ ఏడెనిమిది బార్‌తో పని కానిచ్చేస్తుంది. బంకు ముందు లైన్లో నిలబడ్డవాళ్లకు ఈ తేడా విలువ బాగా తెలుసు.

ఎండకాలం సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. చోక్ అయిన ధార గ్యాస్ వేడి పెరిగేకొద్దీ తగ్గుతుంది. మే నెలలో వరంగల్, రామగుండం ఎండకు బానెట్ కింద రైల్ 60 డిగ్రీలకు చేరితే, 25 డిగ్రీలప్పటి కన్నా ఐదు శాతం తక్కువ గ్యాస్ వస్తుంది. రైల్ మీద ప్రెషర్ సెన్సర్‌తో పాటు టెంపరేచర్ సెన్సర్ ఎందుకుందో దీన్నిబట్టి తెలుస్తుంది. ఆ సెన్సర్ కనెక్టర్ వదులైతే బండి పొద్దున బాగుంటుంది, మధ్యాహ్నం లీన్ అవుతుంది, అంటే గ్యాస్ తక్కువై మిశ్రమం పలచబడుతుంది. చాలామంది ఇంజెక్టర్లు మార్చేస్తారు. ముందు ఆ కనెక్టర్ ఊడదీసి చూడండి.

ట్యాంకు ప్రెషర్‌ను తగ్గించే రెగ్యులేటర్ దగ్గర మాత్రం దీనికి తిరగబడ్డ వ్యవహారం. 200 బార్ నుంచి 20కి దిగేటప్పుడు మీథేన్ సుమారు 60 డిగ్రీలు చల్లబడుతుంది. అందుకే రేడియేటర్ వేడి నీళ్లు రెగ్యులేటర్ చుట్టూ తిప్పుతారు. కూలంట్ తగ్గినా, ఆ సన్నటి పైపుల్లో గాలి బుడగ చిక్కినా, నడి ఎండలోనూ రెగ్యులేటర్ మీద మంచు పేరుకుంటుంది. అది కనిపిస్తే గ్యాస్ సిస్టమ్ జోలికి పోకుండా ముందు కూలంట్ గాలి తీయాలి. హైడ్రోజన్‌కు ఈ చల్లదనం లేదు, మన వాతావరణంలో అది ప్రెషర్ దిగేటప్పుడు కాస్త వేడెక్కుతుంది.

ఇప్పుడు నాజిల్ కొన దగ్గరకు వెళ్దాం. నాకు అన్నిటికన్నా అందంగా అనిపించేది ఇదే. ధ్వని వేగంతో బయటపడ్డ గ్యాస్‌కు ఇంకా ప్రెషర్ మిగిలే ఉంటుంది. అది బయటకు రాగానే ఒక్కసారిగా పీపా ఆకారంలో ఉబ్బి, ధ్వనిని మించిన వేగం అందుకుని, ఒక పలుచటి అడ్డుగోడ లాంటి షాక్‌కు తగిలి దబ్బున నెమ్మదిస్తుంది. ఆ గోడ ఎక్కడ నిలుస్తుందో కూడా లెక్కకు దొరుకుతుంది. రెండు ప్రెషర్ల నిష్పత్తికి వర్గమూలం తీసి 0.67తో గుణిస్తే, రంధ్రం వ్యాసానికి ఎన్ని రెట్ల దూరమో వస్తుంది. రైల్ 20 బార్, సిలిండర్ రెండు బార్, రంధ్రం రెండు మిల్లీమీటర్లు అయితే, నాజిల్ నుంచి నాలుగు మిల్లీమీటర్ల దూరంలో. బియ్యం గింజ కన్నా చిన్న చోట ఇంత జరుగుతుంది.

ఆ గోడ దాటాక ధార గాలిని పక్కల నుంచి లాక్కుంటూ కలుస్తుంది. గ్యాస్ కాబట్టి ఆవిరయ్యే పని లేదు, ఇట్టే కలిసిపోతుందనుకుంటే పొరపాటు. పెట్రోల్ తుంపర బరువుతో గాలిని చీల్చుకుని దూరం పోతుంది, వెళ్లిన చోటల్లా ఆవిరవుతుంది. తేలికైన గ్యాస్ ధార మందంగా, ముద్దగా ఉంటుంది. మధ్యలో గ్యాస్ చిక్కగా ఉండిపోయి, అంచుల్లో మాత్రమే కలుస్తుంది. బయటకు తెరుచుకునే నీడిల్ ఉన్న ఇంజెక్టర్లు గొడుగులా విచ్చుకోవాలి. ప్రెషర్ నిష్పత్తి ఎక్కువైతే గొడుగు లోపల ప్రెషర్ పడిపోయి, అది ముడుచుకుని ఒకే కాడలా కిందికి దిగుతుంది. ఇంకోటి, ధార పక్కనే హెడ్ గోడ ఉంటే దానికి అతుక్కుని పాకుతుంది. అట్లా పాకిన గ్యాస్ ప్లగ్ చుట్టూ చిక్కబడితే మిస్‌ఫైర్, మూలలకు చేరితే సగం మండి బయటకు పోవడం. అందుకే కొన్ని ఇంజెక్టర్ల కొనకు ధారను మలిచే చిన్న టోపీ బిగిస్తారు. హెడ్ తీసినప్పుడు ఆ టోపీని గీకి శుభ్రం చేయకూడదు. అంచు కాస్త వంగినా ధార దారి మారుతుంది.

ఇంజెక్షన్ తొందరగా మొదలుపెడితే బాగా కలుస్తుంది కానీ చోటు లాభం పోతుంది. ఆలస్యం చేస్తే గాలి పూర్తిగా దక్కుతుంది, ధార రేపిన సుడులు మంట వేగాన్ని పెంచుతాయి. మీథేన్‌కు ఇది పెద్ద మేలు, దాని మంట సహజంగా నెమ్మది, సెకనుకు 40 సెంటీమీటర్ల లోపే. మరీ ఆలస్యమైతే కలవడానికి వ్యవధి చాలక ఒక పక్క చిక్కన, ఒక పక్క పలచన. పొగలో ఆక్సిజన్‌ను చూసే లాంబ్డా సెన్సర్ సగటు మాత్రమే చూస్తుంది కాబట్టి స్కానర్‌లో అంతా సవ్యంగానే కనిపిస్తుంది. పొగ గొట్టం దగ్గర ఐదు గ్యాసుల అనలైజర్ పెడితే కార్బన్ మోనాక్సైడ్, ఆక్సిజన్ రెండూ కలిసి ఎక్కువ వస్తాయి. చిక్కదనం ఒక్కటే అయితే ఆక్సిజన్ ఉండదు. పలచన ఒక్కటే అయితే మోనాక్సైడ్ ఉండదు. రెండూ ఉన్నాయంటే కలవలేదన్నమాట, లేదా ఏదో ఒక సిలిండర్‌లో మిస్ ఉంది.

మన రోడ్ల మీద ఇప్పుడు తిరిగే సీఎన్‌జీ కార్లు దాదాపు అన్నీ మానిఫోల్డ్ ఇంజెక్షన్‌వే. అయితే నేరుగా పెట్రోల్ కొట్టే ఇంజిన్‌కు గ్యాస్ కిట్ వేయించుకుందామని అడిగేవాళ్లు పెరిగారు. ఒక్క సంగతి గుర్తుపెట్టుకోవాలి. గ్యాస్ మీద నడిచినంతసేపు పెట్రోల్ ఇంజెక్టర్ కొన మంటలోనే ఉంటుంది. దాన్ని చల్లార్చేది దాని గుండా పోయే పెట్రోలే. పూర్తిగా ఆపేస్తే కొన మాడి, రంధ్రాల్లో కర్బనం గడ్డకట్టి, రింగులు గట్టిపడతాయి. ఈ ఇంజిన్లకు సరైన కిట్ గ్యాస్‌తో పాటు మధ్యమధ్యలో కాస్త పెట్రోల్ కూడా కొడుతూ ఉంటుంది. నూటికి నూరు శాతం గ్యాస్ మీదే నడిపిస్తామని ఎవరైనా చెబితే ఆ షాపు మెట్లు దిగి వచ్చేయండి.

ఎల్‌పీజీ కథ వేరు, దాన్ని ద్రవంగానే కొట్టవచ్చు. అప్పుడు పెట్రోల్‌లాగే లోపలి గాలిని చల్లబరుస్తుంది, పవర్ తగ్గదు. చిక్కంతా వేడి ఇంజిన్ ఆపి పది నిమిషాల తర్వాత స్టార్ట్ చేసేటప్పుడు. ప్రొపేన్‌ను 97 డిగ్రీల పైన ఎంత నొక్కినా ద్రవంగా నిలవదు. ఆపిన ఇంజిన్ హెడ్ మీద రైల్ ఆ వేడిని అందుకుంటే సాంద్రత పడిపోయి, ఇంజెక్టర్ తెరిచిన సమయానికి తగినంత ఇంధనం రాదు. ద్రవాన్ని కాసేపు ట్యాంకుకు తిప్పి పంపి రైల్‌ను చల్లబరిచాకే స్టార్ట్ అవనిచ్చే ఏర్పాటు ఉండాలి.

హైడ్రోజన్ దగ్గరకు వస్తే నేరుగా కొట్టడం సౌకర్యం కోసం చేసే పని కాదు, దాదాపు తప్పనిసరి. 2023 ఫిబ్రవరిలో అశోక్ లేలాండ్, రిలయన్స్ కలిసి హైడ్రోజన్ ఇంజిన్ లారీని బయటపెట్టాక మన దగ్గర కూడా దీని మీద మాట పెరిగింది. హైడ్రోజన్ అంటుకోవడానికి 0.02 మిల్లీజౌల్ చాలు, మీథేన్‌కు దానికి పదింతలకు పైగా కావాలి. గాలిలో 4 నుంచి 75 శాతం దాకా ఎంత కలిసినా మండుతుంది. వేడెక్కిన ప్లగ్ కొన, ఎగ్జాస్ట్ వాల్వ్ అంచు, పైకి చేరిన ఆయిల్ చుక్క, ఏదైనా చాలు స్పార్క్ కన్నా ముందే అంటుకోవడానికి. మంట సందుల్లోంచి కూడా దూరుతుంది. మీథేన్ మంట రెండు మిల్లీమీటర్ల సందులో ఆరిపోతే, హైడ్రోజన్‌ది 0.64 దాకా బతుకుతుంది. ఇన్‌టేక్ వాల్వ్ మూసుకున్నాక కొడితే మానిఫోల్డ్‌లో అంటుకోవడానికి ఏమీ ఉండదు. ఆలస్యంగా కొడితే వేడి చోట్లతో అది గడిపే సమయం కూడా తగ్గుతుంది.

చాలామంది అనుకునేది, హైడ్రోజన్ అంత తేలిక కాబట్టి ఇంజెక్టర్ చాలా పెద్దది కావాలని. లెక్క వేస్తే అంత తేడా రాదు. తేలికైనందుకే అది గొంతులోంచి సెకనుకు 1200 మీటర్ల వేగంతో దూసుకొస్తుంది, మీథేన్‌ది 420 దగ్గరే. అదే రంధ్రం, అదే ప్రెషర్‌తో చూస్తే హైడ్రోజన్ తెచ్చే వేడి మీథేన్ కన్నా 13 శాతమే తక్కువ.

దీనికి గాలి రెట్టింపు పైన ఇచ్చి పలచగా మండిస్తే నైట్రోజన్ ఆక్సైడ్లు దాదాపు రావు. కానీ ఆలస్యపు ఇంజెక్షన్‌లో కలవని చిక్కటి ముద్దలు ఉంటే, సగటు ఎంత పలచనైనా ఆ ముద్దల దగ్గర అవి పుడతాయి. ప్లగ్ చల్లటి రకం వాడాలి, ప్లాటినం కొన ఉన్నది వద్దు. ప్లాటినం హైడ్రోజన్‌ను తనంతట తానే రగిలిస్తుంది. కిలో హైడ్రోజన్ మండితే తొమ్మిది కిలోల నీళ్లు వస్తాయి, చిన్న దూరాలకే తిప్పే బండిలో ఆయిల్ పాలలా తెల్లబడుతుంది. రింగులు దాటిన హైడ్రోజన్ క్రాంక్‌కేసులో చేరకుండా గాలి ఆడించే ఏర్పాటు లేకపోతే అది ప్రమాదమే. వర్క్‌షాపులో ఇంకో జాగ్రత్త, పగటి వెలుతురులో ఈ మంట కంటికి ఆనదు.

సింగరేణి బొగ్గు లాగే లారీల వంటి భారీ బండ్లకు ఇంకో దారి ఉంది. డీజిల్ కంప్రెషన్ అట్లాగే ఉంచి, టీడీసీ దగ్గర ముందు ఐదు శాతం దాకా డీజిల్ కొట్టి అంటించి, ఆ మంటలోకి 300 బార్ దగ్గర గ్యాస్ కొడతారు. ఒకే ఇంజెక్టర్‌లో ఒకదాని లోపల ఒకటి రెండు నీడిల్స్. గ్యాస్ ముందుగా కలిసి ఉండదు కాబట్టి తనంతట తానే పేలినట్టు మండే నాకింగ్ మాటే లేదు, డీజిల్ టార్క్ మొత్తం దక్కుతుంది. కెనడా కంపెనీ వెస్ట్‌పోర్ట్ తయారుచేసిన ఈ పద్ధతిలోనే వోల్వో 2017లో ఎల్‌ఎన్‌జీ (చల్లబరిచి ద్రవం చేసిన సహజవాయువు) లారీలు తెచ్చింది. ఎల్‌ఎన్‌జీయే ఎందుకంటే, ద్రవాన్ని పంపుతో 300 బార్‌కు ఎక్కించడం తేలిక, గ్యాస్‌ను నొక్కడానికి అయ్యే కరెంటు, కష్టం లేవు.

మన జిల్లాల్లో ఎక్కువ అవకాశం ఉన్నది బయోగ్యాస్. పేడ, వరిగడ్డి, కోళ్ల పెంట, ఎనుమాముల లాంటి మార్కెట్ యార్డుల చెత్త, దేనికీ కొరత లేదు. పచ్చి గోబర్ గ్యాస్‌లో మీథేన్ 60 శాతం, మిగతాది చాలావరకు కార్బన్ డయాక్సైడ్. దాన్ని నేరుగా కొడితే అంతే మీథేన్ లోపలికి పోవడానికి ఇంజెక్టర్ రెండింతలకు పైగా తెరిచి ఉండాలి. మీథేన్ సగం దాటి కొంచెమే ఉండటం ఒకటి, బరువైన గ్యాస్ నెమ్మదిగా దూరడం ఇంకోటి. పైన చెప్పిన 3.9 మిల్లీసెకన్లలో అది కుదిరే పని కాదు. ఐఎస్ 16087 ప్రమాణం ప్రకారం శుద్ధి చేసిన గ్యాస్‌లో మీథేన్ కనీసం 90 శాతం, హైడ్రోజన్ సల్ఫైడ్ ఘనపు మీటరుకు 20 మిల్లీగ్రాములకు మించకూడదు. అదైతే ఆరో వంతు ఎక్కువ సమయంతో సరిపోతుంది, ఈసీయూ దిద్దుకుంటుంది. కోళ్ల పెంటలో ప్రొటీన్ ఎక్కువ కాబట్టి సల్ఫైడ్ ఎక్కువ వస్తుంది. తేమతో కలిస్తే అది నీడిల్ ఆనుకునే ఇంజెక్టర్ సీటును, కాయిల్ లోపలి రాగిని తినేస్తుంది. ప్లాంటులో ఇనుప పొట్టు ఫిల్టర్ నల్లబడ్డ రోజే మార్చాలి, నెల లెక్క పెట్టుకుని కాదు.

ఇంజెక్టర్లు చెడిపోయేదీ ఎక్కువగా సీటు దగ్గరే. పెట్రోల్, డీజిల్ నీడిల్‌కు మెత్తటి పరుపులా పనిచేస్తాయి. గ్యాస్‌లో ఆ తడి లేదు. నీడిల్ మూసుకునేటప్పుడు ఇనుము మీద ఇనుము తగిలి ఎగిరి పడుతుంది, ఎగిరిన ప్రతిసారీ కాస్త గ్యాస్ జారుతుంది. కొన్నాళ్లకు సీటు మీద గీత పడి, ఇంజిన్ ఆపాక కూడా సిలిండర్‌లోకి కారడం మొదలవుతుంది. బంకు కంప్రెసర్ ఆయిల్ గ్యాస్‌తో పాటు వచ్చి, ఫిల్టర్ దాటితే జిగురులా నీడిల్‌ను పట్టేస్తుంది, అప్పుడు ఆలస్యంగా మూసుకుంటుంది.

కారుతోందో లేదో ఇట్లా చూడండి. ఇంజిన్ బాగా వేడెక్కాక గ్యాస్ మీదే ఆపండి. స్కానర్‌లో రైల్ ప్రెషర్ రాసుకుని పది నిమిషాలు ఆగండి. ప్రెషర్ పెరిగితే రెగ్యులేటర్ సీటు పట్టడం లేదు. తగ్గితే జాయింట్లకు సబ్బు నీళ్లు కొట్టి బుడగలు చూడండి. బుడగలు లేకపోతే స్పార్క్ ఇచ్చే ఇగ్నిషన్ కాయిల్స్ కనెక్టర్లు తీసేసి, ఒక్కో ప్లగ్ విప్పి ఆ రంధ్రం దగ్గర గ్యాస్ డిటెక్టర్ పెట్టండి, ఏ సిలిండర్‌దో అదే చెబుతుంది. ఇంజెక్టర్ విప్పే ముందు ట్యాంకు చేతి వాల్వ్ కట్టేసి, ప్లగ్గులు బిగించి, ఇంజిన్ తనంతట తాను ఆగిపోయేదాకా నడపాలి. ప్రెషర్ మీద ఉన్న నట్టును పావు చుట్టు కూడా వదులు చేయవద్దు.

తిరిగి బిగించేటప్పుడు కొనకు ఉండే టెఫ్లాన్ రింగు ప్రతిసారీ కొత్తది వేయాలి. కోన్ మీదుగా సాగదీసి గాడిలో కూర్చోబెట్టాక అది ఉబ్బి ఉంటుంది. సైజింగ్ స్లీవ్‌లో పెట్టి అటూఇటూ తిప్పి, కొన్ని నిమిషాలు అందులోనే ఉంచితే మళ్లీ సైజుకు వస్తుంది. గ్రీజు, ఆయిల్ రాయకూడదు, పొడిగానే దూర్చాలి. తర్వాత ఈసీయూ నేర్చుకున్న పాత దిద్దుబాట్లు (అడాప్షన్ విలువలు) చెరిపి, ఓ ఇరవై కిలోమీటర్లు తిప్పి, అది ఇంధనాన్ని ఎంత శాతం దిద్దుతోందో చెప్పే ఫ్యూయల్ ట్రిమ్ మళ్లీ చూడండి. ఐదు శాతం లోపల నిలిస్తే బండి ఇచ్చేయవచ్చు.